సపోజ్ అంటే ‘అనుకో’ ఒక్కటే కాదు

బెంగళూరులో బీటీఎం లేఅవుట్ వైపు ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి, ‘సపోజ్’ కనీసం మూడు భాషల్లో వినబడుతుంది. ‘సపోజ్ రేపు వాన పడితే’ అని మనవాళ్లు, ‘సపోజ్ నాళె మళె బంద్రె’ అని కన్నడిగులు, ‘సపోజ్ నాళైక్కు మళై వందా’ అని తమిళులు. ముగ్గురిదీ ఒకటే అచ్చు. ముందు సపోజ్ పెడతారు, అసలు షరతు మాత్రం క్రియ చివర ఉంటుంది. మన ‘పడితే’లో ఉన్న ‘తే’ లాంటిదే వాళ్ల మాటల్లోనూ ఉంది. అంటే ఈ ఇంగ్లీషు మాట మన ఇంటికొచ్చి ‘ఒకవేళ’ కుర్చీలో కూర్చుంది. తెలుగులో మాట్లాడుతున్నంతసేపూ దానివల్ల నష్టమేం లేదు, హాయిగా వాడుకోవచ్చు. అదే మాటను ఆఫీసు మెయిల్లోకో ఇంటర్వ్యూలోకో వెనక్కి తీసుకెళ్లినప్పుడే చిక్కు. అక్కడ దాని కుర్చీ వేరు.

మొదటి చిక్కు ‘సపోజ్ ఇఫ్’. తెలుగులో ‘ఒకవేళ’ ఉన్నా చివర ‘తే’ ఉండాల్సిందే, రెండూ కలిసే నడుస్తాయి. ఆ అలవాటుతోనే ‘సపోజ్ ఇఫ్ ఇట్ రెయిన్స్’ అంటాం. సపోజ్‌ని ఒకవేళగా, ఇఫ్‌ని ‘తే’గా లెక్కేస్తాం. ఇంగ్లీషులో ఈ రెండూ ఊహని మొదలుపెట్టే మాటలే, ఒకటి పెడితే రెండోది దండగ. సరే, ఏది తీసెయ్యాలి? దీనికి తేలికైన కొలత ఉంది. తర్వాత వచ్చేది ప్రశ్న అయితే సపోజ్ ఉంచండి, నిర్ణయం అయితే ఇఫ్ ఉంచండి. ‘సపోజ్ ఇట్ రెయిన్స్. వాట్ డూ వుయ్ డూ?’ బావుంది. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ టేక్ ఎ క్యాబ్’ ఇదీ బావుంది. ‘సపోజ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ టేక్ ఎ క్యాబ్’ అన్నదే కుంటుతుంది.

ఎందుకు కుంటుతుందంటే, ఇక్కడ సపోజ్ షరతు మాట కాదు, ఆజ్ఞ. ఎదుటివాణ్ణి ‘ఇలా అనుకో’ అని పురమాయించడం. అనుకోమని చెప్పాక ‘ఇప్పుడు చెప్పు, ఏం చేస్తావ్?’ అని అడగడమే దానికి సహజమైన ముగింపు. మన ‘అనుకో’ ఇంతకంటే ఉదారం. ‘వాన పడిందనుకో, క్యాబ్‌లో పోదాం’ అన్నా తెలుగులో చెల్లుతుంది కాబట్టే మనకు తప్పు చెవికి తగలదు. ‘సపోజ్’ తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టగలిగే వాక్యమేనా, ఆ తర్వాత ప్రశ్న వస్తోందా అని చూసుకుంటే చాలు. ఓ చిన్న వెసులుబాటు కూడా ఉంది: ‘సపోజ్ వుయ్ స్టార్ట్ ఎట్ సిక్స్?’ అంటే ‘ఆరింటికి బయల్దేరితేనో?’ అన్న సలహా. పైవాళ్లతో మాట మెత్తగా వెయ్యడానికి పనికొస్తుంది, మనవాళ్లు దీన్ని దాదాపుగా వాడరు.

ఇంకో అలవాటు, ‘ఉదాహరణకి’ అనాల్సిన చోట సపోజ్ వెయ్యడం. ‘టేక్ ఎనీ ఏరియా, సపోజ్ మారతహళ్లి’ అని. ఇంగ్లీషులో ఆ చోటుకి పుట్టిన మాట ‘సే’. ‘టేక్ ఎనీ ఏరియా, సే మారతహళ్లి’, ‘గివ్ మీ, సే, టెన్ మినిట్స్’. అక్షరాలు తక్కువ, తప్పుకి చోటు లేదు. రోజుకి పదిసార్లు సపోజ్ అనేవాళ్లు ఇదొక్కటి మార్చుకున్నా సగం బరువు దిగుతుంది.

ఇక కాలం సంగతి. ఇక్కడ మాత్రం తెలుగు మనకు సాయం చేస్తుంది. ‘ఉద్యోగం పోయిందనుకో, ఏం చేస్తావ్?’ అంటాం. పోలేదు, అయినా ‘పోయింది’ అని భూతకాలమే వాడాం. ఇంగ్లీషూ ఇదే చేస్తుంది: ‘సపోజ్ యూ లాస్ట్ యువర్ జాబ్. వాట్ వుడ్ యూ డూ?’ ఆ ‘లాస్ట్’ జరిగిపోయిన కాలం కాదు, జరిగే అవకాశం తక్కువని చెప్పే దూరం. తేడా ఏమిటంటే మనకు అన్నిటికీ ‘పోయిందనుకో’ సరిపోతుంది, ఇంగ్లీషులో మాత్రం అవకాశాన్ని బట్టి జత మారుతుంది. నిజంగా జరగొచ్చు అనిపిస్తే వర్తమానం, దానికి జోడీ ‘విల్’. ఊరికే ఊహ అయితే భూతం, జోడీ ‘వుడ్’. గడిచిపోయినదాన్ని తిరగేసి ఊహిస్తే ‘సపోజ్ హీ హాడ్ మిస్డ్ ద ట్రెయిన్’, జోడీ ‘వుడ్ హావ్’. మన ‘రైలు తప్పిపోయుంటే’ ఇదే. ఒక జతలో ముక్కని ఇంకో జతలో అతికించకపోవడమే నియమం.

ఇంటర్వ్యూల్లో ఇది ఖరీదైన విషయం. ‘సపోజ్ ద పేమెంట్ సర్వీస్ వెంట్ డౌన్ ఎట్ టూ ఇన్ ద మార్నింగ్. వాట్ వుడ్ యూ డూ?’ అని అడుగుతారు. ‘వెంట్’ వినగానే కొందరు అది నిజంగా జరిగిన సంగతి అనుకుని ‘నో సర్, ఇన్ అవర్ ప్రాజెక్ట్ ఇట్ డిడ్ నాట్ హ్యాపెన్’ అని మొదలుపెడతారు. అడిగింది ఊహ. జవాబు ‘ఐ వుడ్ ఫస్ట్ చెక్ ద అలర్ట్స్, దెన్ ఐ వుడ్ లుక్ ఎట్ ద లాస్ట్ డిప్లాయ్‌మెంట్’ అంటూ వుడ్ మీదే సాగాలి. ప్రశ్నలో వుడ్ ఉంటే జవాబులోనూ వుడ్. మధ్యలో ‘ఐ విల్’లోకి జారినా ఉద్యోగమేం పోదు గానీ, మూడు నిమిషాల జవాబులో విల్, వుడ్, డిడ్ మూడూ కలగలిస్తే వినేవాడికి ఏది ఊహ, ఏది మీ నిజమైన అనుభవం అన్నది తెలియకుండా పోతుంది.

ఇంతవరకూ ఆజ్ఞగా వాడే సపోజ్. ‘ఐ సపోజ్’ అన్నప్పుడు దాని రంగు మారుతుంది. దీన్ని ‘నేను అనుకుంటున్నాను’ అని బట్టీ పట్టడమే చాలా తప్పులకి మూలం. మన ‘అనుకోవడం’ ఎంత పెద్ద గోడౌనో చూడండి. ‘డాక్టరనుకున్నా’ అంటే పొరబడ్డాను. ‘ఊరెళ్దామనుకుంటున్నా’ అంటే ఉద్దేశం. ‘వీధిలో అంతా అనుకుంటున్నారు’ అంటే ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. ఇంగ్లీషులో ఇవి వరుసగా థాట్, ప్లానింగ్, సేయింగ్. ఒక్కదానికీ సపోజ్ కుదరదు. అందుకే ‘ఐ యామ్ సపోజింగ్ టు గో హోమ్ ఫర్ సంక్రాంతి’ అన్నది ఇంగ్లీషు కాదు. ‘ఐ యామ్ ప్లానింగ్ టు గో’ అనాలి. పైగా ‘ఐ సపోజ్’ మనసులో ఉండే స్థితి, చేసే పని కాదు, కాబట్టి దానికి ఐఎన్‌జీ తగిలించరు. ‘సపోజింగ్’ అన్న మాట వాక్యం మొదట్లో ‘సపోజ్’కి బదులుగా వస్తుంది, అంతే.

మరి ‘ఐ సపోజ్’కి తెలుగులో సరైన జోడీ ఏది? నన్నడిగితే చివర్లో తగిలించే ‘లే’. ‘వస్తాడులే’, ‘అయ్యుంటుందిలే’, ‘నువ్వన్నదీ నిజమేలే’. నమ్మకం ఉంది, కానీ పందెం కాసేంత లేదు. వాదించే ఓపిక అంతకన్నా లేదు. ఐ నో, ఐ యామ్ షూర్, ఐ థింక్, ఆ కిందెక్కడో ఐ సపోజ్. అందుకే ఆఫీసులో దీన్ని చూసి వాడాలి. టీమ్ లీడ్ ‘కెన్ యూ టేక్ దిస్ టికెట్?’ అంటే ‘ఐ సపోజ్ సో’ అనడం, తెలుగులో ‘సరే’ అనాల్సిన చోట ‘సర్లే’ అనడంతో సమానం. పని ఒప్పుకున్నారు, మొహం చిట్లించారు. ఇష్టంగానే చేస్తుంటే ‘షూర్’ అనండి.

ఆ ‘సో’ని గమనించారా? ‘ఐ సపోజ్ యెస్’ అనరు, ‘ఐ సపోజ్ ఇట్’ అసలే అనరు. అవునంటే ‘ఐ సపోజ్ సో’, కాదంటే ‘ఐ సపోజ్ నాట్’. పూర్తి వాక్యంలో కాదనాలంటే కాదన్నదాన్ని ముందుకి లాగడం ఇంగ్లీషు పద్ధతి. ‘ఐ సపోజ్ హీ వోంట్ కమ్’ తప్పు కాదు గానీ, ‘ఐ డోంట్ సపోజ్ హీ విల్ కమ్’ అన్నదే నోటికి అలవాటైన రూపం. మనం ‘రాడనుకుంటా’ అని రాకపోవడానికి కాదన్నదాన్ని అంటిస్తాం, వాళ్లు అనుకోవడానికి అంటిస్తారు. దీనికి చివర చిన్న ప్రశ్న తగిలిస్తే అసలు కిటుకు బయటపడుతుంది: ‘ఐ డోంట్ సపోజ్ హీ విల్ కమ్, విల్ హీ?’ అది ‘డూ ఐ?’ కాదు, ‘వోంట్ హీ?’ కూడా కాదు. నా అనుకోలు పక్కకి పోయి, వాక్యం మొత్తం అతని గురించే అవుతుంది. కాదనడం ముందే వచ్చేసింది కాబట్టి చివరి ముక్క కాదనదు. మొహమాటంగా సాయం అడగడానికీ ఇదే సాధనం: ‘ఐ డోంట్ సపోజ్ యూ కుడ్ డ్రాప్ మీ ఎట్ సిల్క్ బోర్డ్?’ మనం ‘సిల్క్ బోర్డ్ దగ్గర దింపడం కుదరదేమో కదా అన్నా?’ అని నసుగుతామే, అచ్చంగా అది.

ఇప్పుడు అసలైన రాక్షసుడు, ‘సపోజ్డ్ టు’. అనుకోవడంతో దీనికి చుట్టరికం ఎప్పుడో తెగిపోయింది. ఇది తెలుగులో ‘ఆల్సి’: రావాల్సి ఉంది, ఇవ్వాల్సింది, చెయ్యాల్సింది. ఎవరో పెట్టిన నియమం, ఎవరో వేసిన ప్లాన్, ఎవరో ఆశించిన పని. ఇలా చదువుకుంటే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

మిగిలిన సగం రెండు చిన్న తప్పులు. ఒకటి, ముందుండాల్సిన యామ్, ఈజ్, వజ్ ఎగిరిపోవడం. ‘నేను రావాల్సింది’లో విడిగా అలాంటి మాట లేదు కాబట్టి ‘ఐ సపోజ్డ్ టు కమ్’ అనేస్తాం. ‘ఐ వజ్ సపోజ్డ్ టు కమ్’ అనాలి. రెండోది, చివరి డీ ఎగిరిపోవడం. దీనికి తప్పు చెవిది. ఎవరు మాట్లాడినా అది ‘సపోస్టు’ అనే వినబడుతుంది. డీ, టీ పక్కపక్కనే ఉండేసరికి కలిసిపోయి, జ్ కాస్తా స్ అయిపోతుంది. చెవికి వినబడని అక్షరాన్ని చెయ్యి రాయదు. ‘సపోజ్ టు’ అని టైపు చేస్తే ఫోను ఎర్రగీత కూడా గియ్యకపోవచ్చు, ఎందుకంటే సపోజ్ అన్న మాట విడిగా తప్పు కాదుగా. పలకడంలో ‘సపోస్టు’ అనే అనండి, అదే సరైనది. రాసేటప్పుడు మాత్రం ముందు యామ్, ఈజ్, ఆర్, వజ్, వర్‌లలో ఒకటి కనిపిస్తే చివర డీ ఉందా అని వెనక్కి చూడండి. ‘టు’ తర్వాత క్రియ మూలరూపమే: సపోజ్డ్ టు కమ్, సపోజ్డ్ టు కేమ్ కాదు. విల్ బీ సపోజ్డ్ టు అనకుండా ‘విల్ హావ్ టు’ అంటే సుఖం.

భూతకాలంలో దీని రుచి మన ‘ఆల్సింది’ రుచే. ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా పోయే మెట్రో యెల్లో లైన్ గడువులు ఎన్నిసార్లు వాయిదా పడ్డాయో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా వెళ్లే ఆ లైన్‌ని చివరికి 2025 ఆగస్టు 10న తెరిచారు. ‘ద యెల్లో లైన్ వజ్ సపోజ్డ్ టు ఓపెన్ మచ్ అర్లియర్’ అంటే ‘ఇంకా చాలా ముందే తెరవాల్సింది’ అని. తెరవలేదన్న మాట వాక్యంలో ఎక్కడా లేదు, అయినా వినేవాడికి అర్థమైపోతుంది. వజ్ సపోజ్డ్ టు అన్నారంటే అది జరగలేదనే ఎదుటివాడు లెక్కేసుకుంటాడు. జరిగిపోయిన పనికి దీన్ని వాడితే లేనిపోని అనుమానం. ‘ఐ వజ్ సపోజ్డ్ టు సెండ్ ద ఫైల్ యెస్టర్‌డే’ అని ఆపేస్తే పంపలేదనే అర్థం, మీరు పంపేసి ఉన్నా సరే.

వర్తమానంలోనూ ఆ అనుమానం నీడలా వెంటే ఉంటుంది. క్లయింటుకి ‘వుయ్ ఆర్ సపోజ్డ్ టు డెలివర్ ఆన్ ఫ్రైడే’ అని రాస్తే అతను చదివేది ‘శుక్రవారం ఇవ్వాల్సి ఉంది, మరి చూడాలి’ అని. ఇచ్చే ఉద్దేశం గట్టిగా ఉంటే ‘వుయ్ విల్ డెలివర్ ఆన్ ఫ్రైడే’ అనండి. అలాగే ‘యూ వర్ సపోజ్డ్ టు సెండ్ ఇట్ యెస్టర్‌డే’ అంటే వేలు చూపించి ‘నిన్న పంపాల్సింది కదా’ అనడం. కింద పనిచేసే కుర్రాడికైనా అలా రాస్తే గుచ్చుకుంటుంది. ‘ఐ వజ్ ఎక్స్‌పెక్టింగ్ ఇట్ యెస్టర్‌డే’ అంటే అదే సంగతి, ముల్లు లేకుండా.

కాదనే రూపంలో డబ్బు పోయే పొరపాటు ఒకటుంది. నాట్ సపోజ్డ్ టు అంటే ‘కూడదు’. ‘అక్కర్లేదు’ కాదు. పీజీలో కొత్తగా చేరేవాడికి ‘యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు పే అడ్వాన్స్’ అని మెసేజ్ పెడితే, అడ్వాన్స్ కట్టడం నిషేధం అని చెప్పినట్టు. కట్టక్కర్లేదు అని చెప్పాలంటే ‘యూ డోంట్ హావ్ టు పే’. తెలుగులో కూడదు, అక్కర్లేదు రెండూ ఎప్పుడూ కలవవు కాబట్టి రాసేముందు మనసులో తెలుగులో అనుకుంటే ఏది కావాలో తేలిపోతుంది. ఆ సౌకర్యం మనకుంది, వాడుకోవాలి.

సపోజ్డ్ టుకి ఇంకో మొహం ఒకటుంది, అందరూ చెప్పుకునే మాట. ‘దట్ ప్లేస్ ఈజ్ సపోజ్డ్ టు హావ్ గుడ్ దోశ.’ అక్కడ దోశ బాగుండాలని నియమమేం లేదు. ‘బావుంటుందట’. ఆ ‘ట’ ఎంత తెలివైనదంటే, నేను తినలేదు, విన్నాను, తేడా వస్తే నన్ననొద్దు అని మూడు ముక్కలూ ఒక్క అక్షరంలో చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ పనికి సపోజ్డ్ టు కావాలి. మీరు తిని వచ్చాక మాత్రం ఇలా అనకూడదు, ‘ఇట్ ఈజ్ గుడ్’ అని నేరుగా చెప్పాలి. గడిచినదాని గురించి విన్నదైతే ‘హీ ఈజ్ సపోజ్డ్ టు హావ్ లెఫ్ట్’, వెళ్లిపోయాడట. ఇక ‘వాట్ ఈజ్ దట్ సపోజ్డ్ టు మీన్?’ అన్నది అర్థం అడిగే ప్రశ్న కానే కాదు. ‘ఏంటి నీ ఉద్దేశం?’ అని కళ్లెర్రజెయ్యడం. పదానికి అర్థం తెలుసుకోవాలంటే ‘వాట్ డజ్ ఇట్ మీన్?’ అనే అడగండి, ముఖ్యంగా మీ మేనేజర్‌ని.

అస్యూమ్, ప్రెస్యూమ్ గురించి క్లుప్తంగా. అస్యూమ్ అంటే రుజువు లేకుండానే నిజమని పెట్టుకుని దాని మీద ఇంకో పని కట్టడం. ప్రాజెక్టు డాక్యుమెంట్లలో అస్యూంప్షన్స్ అని ఒక భాగం ఉండేది అందుకే. ప్రెస్యూమ్‌కి కాస్త ఆధారమో, వేరే రుజువు దొరికేదాకా నిలిచే నియమమో ఉంటుంది. కోర్టులో నిందితుణ్ణి నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగా చూడటం ప్రెస్యూమ్ చెయ్యడమే. లెక్కల్లో రూట్ రెండు అకరణీయ సంఖ్య (రేషనల్ నంబర్) అనుకుందాం అని మొదలుపెట్టి, చివరికి అది కుదరదని తేల్చే నిరూపణలో సపోజ్, అస్యూమ్ ఏదైనా సరే, ప్రెస్యూమ్ మాత్రం నప్పదు. అన్నట్టు సపోజ్ లాటిన్‌లో ‘కింద పెట్టడం’ అన్న మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. వాదం కింద పునాదిగా పెట్టేదన్నమాట. మందుల షాపులో దొరికే సపోజిటరీకి కూడా అదే మూలం, అదెక్కడ పెడతారో తెలిసినవాళ్లకి మాట ఇక మర్చిపోవడం కష్టం.

ఉచ్చారణలో ఇంకొక్కటి. నామవాచకం ముందు వచ్చినప్పుడు, అంటే ‘ద సపోజిడ్ ఎక్స్‌పర్ట్’ లాంటి చోట, మాటకి మూడు ముక్కలు: స-పో-జిడ్. పేరుకే నిపుణుడు అని ఎద్దేవా. సపోజిడ్లీకి నాలుగు ముక్కలు, మధ్యలో డీ ఖచ్చితంగా పలకాలి. సపోజబ్లీ అని వినిపిస్తుంటుంది, దాన్ని పట్టుకోకండి.

ఇవన్నీ ఒకేచోట కలిసే మెయిల్ ఇలా ఉంటుంది: ‘సర్, ఐ సపోజ్ టు సబ్మిట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే బట్ సిస్టమ్ ప్రాబ్లమ్. సపోజ్ ఇఫ్ యూ గివ్ టైమ్ టిల్ మండే ఐ విల్ సబ్మిట్.’ మొదటి వాక్యంలో వజ్ లేదు, డీ లేదు, ‘బట్’ తర్వాత క్రియే లేదు. రెండో దాంట్లో సపోజ్, ఇఫ్ జంటగా దిగాయి, పైగా తర్వాత వచ్చింది ప్రశ్న కాదు. మరమ్మతు చేస్తే: ‘ఐ వజ్ సపోజ్డ్ టు సబ్మిట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే, బట్ మై ల్యాప్‌టాప్ క్రాష్డ్. కుడ్ ఐ హావ్ టిల్ మండే?’ రెండో వాక్యంలో సపోజ్ పూర్తిగా ఎగిరిపోయింది చూడండి. గడువు అడగడానికి ఊహలెందుకు, అడిగేస్తే సరిపోతుంది. ఇక దానికి మేనేజర్ నుంచి ‘ఐ సపోజ్ సో’ అని జవాబొచ్చిందా, గడువైతే దొరికింది. కానీ అది ‘సర్లే’ అని ఇచ్చిన గడువు, కాబట్టి ఆదివారం రాత్రికే పంపెయ్యండి.